రోహిణి కార్తెలో ఉన్ని బూట్లు

కొత్తగా తెలంగాణ వచ్చిన ఆ రోజుల్లో మా పాలమూరు వైపు ఎవరిని కదిలించినా ఏదో ఒక విషయంలో పండితులే. చాయ్ హోటల్లో కూర్చున్నవాళ్లు కృష్ణలో మనకెన్ని నీళ్లు రావాలో చెప్పేవాళ్లు. నాతో డిగ్రీ చదివినవాళ్లు రాబోయే నోటిఫికేషన్లలో (ఇంకా రాలేదు, వస్తాయని కూడా ఎవరూ అనలేదు) ఏ శాఖలో ఎన్ని ఖాళీలున్నాయో చెప్పేవాళ్లు. అందరికీ అన్నీ తెలిసిన కాలంలో నేనొక్కదాన్నే ఎందుకు వెనకబడాలి? నాకు బట్ట తెలుసు. అంటే, తెలుసని నేననుకునేదాన్ని. ఉద్యోగం వచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని మా నారాయణపేట బస్టాండు దగ్గర చిన్నపిల్లల బట్టల దుకాణంలో చేరాను. కొత్తగా చేరినవాళ్లకు మా సేటు ఎక్కం చెప్పినట్టు ఒకటి చెప్పేవాడు. "ముప్పై డిగ్రీలు దాటితె మల్మల్. ఇరవై అయిదుకు నూలు అల్లిక. ఇరవైకి దిగితె ఉన్ని. ఇంక దిగితె ఉన్ని లోపల బొచ్చుగుడ్డ. వానకాలం తువ్వాల బట్ట అంటగట్టకుండ్రి, తడిస్తె ఆరదు, మళ్ల మన మీదికే కొట్లాటకొస్తరు." ఒక్క పూటలో కంఠతా పట్టేశాను. చదువుకున్నదాన్ని కదా.

పసిపిల్లల కాళ్లకు తొడిగే బుల్లి బూట్లు అమ్మడం నా పని. ఏ తల్లో బిడ్డను చంకనేసుకొచ్చి "అక్కా, జర గా ఎర్రవి చూపియ్యి" అంటే ఎర్రవి తీసి చూపిస్తే సరిపోయేది. నేను చూపించేదాన్ని కాదు. "ఏ కాలానికి? మీ ఇంట్ల వేడి ఎంత ఉంటది? మట్టిల్లా, రేకులిల్లా?" అని దవాఖానలో డాక్టరమ్మలాగా అడిగేదాన్ని. ఆమె బిత్తరపోయి చూస్తే నాకు లోలోపల మహా తృప్తి. (ఆ తల్లుల్లో ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కా, తప్పయింది.) సాయంత్రం ఇంటికొచ్చి ఆ పాఠమంతా మా అవ్వకు మళ్లీ చెప్పేదాన్ని. అవ్వ అంటే మా నాయిన తల్లి. ఆమె చెవులకేమో వినబడుతుంది గానీ ముఖంలో ఏదీ కనబడనివ్వదు. అంతా విని, నోట్లో వక్కపలుకు అటునుంచి ఇటు మార్చుకుని, "అన్ని మంచిగనే చెప్తున్నవ్ గాని, నువ్వు ఎన్నడన్న పసిపిల్లను ఎత్తుకున్నవానే?" అంది. ఎత్తుకోలేదు. కానీ ఆ మాట ఒప్పుకుంటే ఇంక చదువుకేం విలువ?

అవ్వ సంగతి ఇంకొకటి కూడా ఇక్కడే చెప్పాలి. మా తాత పేరు ఆమె జన్మలో నోటితో అనలేదు. ఆ కాలపు ఆడవాళ్లు మొగుని పేరు అనరు, సరే. మా అవ్వ అంతటితో ఆగలేదు. తాత పేరు నర్సింలు కాబట్టి నర్సింహస్వామిని కూడా "గా గుట్ట మీది దేవుడు" అనేది. రేషన్ కార్డు పనికి పోయినప్పుడు భర్త పేరు అడిగితే నన్ను మోచేత్తో పొడిచేది, నేను చెప్పాలి. తాత పోయి అప్పటికే చాలా ఏళ్లయినా ఆ పట్టింపు మాత్రం పోలేదు.

ఇలా ఉండగా మా అన్నకు కొడుకు పుట్టాడు. వదినది ఆత్మకూర్. కాన్పుకు పుట్టింటికి పోయింది. ఒక్కగానొక్క బిడ్డ బాలింతగా వచ్చిందని వాళ్ల నాయిన ఎండాకాలం మొదట్లోనే ఏసీ పెట్టించాడు. ఆ వాడకట్టులో అదే మొదటి ఏసీ. పిల్లవాణ్ని చూసే నెపంతో వచ్చిన జనం పిల్లవాణ్ని ఒక్క చూపు చూసి, ఏసీ కింద చాప మీద అరగంట కూర్చుని, "జర బిడ్డ నిద్రబోనీ, అప్పటిదాంక ఉంటం" అనేవాళ్లు. నేను పోయినప్పుడు కూడా గది నిండా జనమే. మామ (వదిన నాయిన్ను నేను అట్లాగే పిలుస్తాను) రిమోటు చేతిలో పట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాడు. దాని మీద పద్దెనిమిది అని ఉంది. ఆ అంకె చూడగానే నా బుర్రలో సేటు ఎక్కం గిర్రున తిరిగింది. ఇరవైకి దిగితే ఉన్ని, ఇంకా దిగితే లోపల బొచ్చుగుడ్డ!

తీరా చూస్తే పిల్లవాడి ఒంటి మీద ఏముంది? పాత చీర పేలిక. మా దిక్కు, తొట్టెలో వేసి పేరు పెట్టే తొట్టెల పండుగ అయ్యేదాకా పసిబిడ్డకు కొత్తబట్ట వెయ్యరు, పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడిన చీర చింపి చుడతారు. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ నాకు తెలుసు. తెలిసి కూడా వదిన వాళ్లమ్మతో, అందరూ వింటుండగా, "ఇదేంది అత్తమ్మా, ఇంత ఏసీ పెట్టి బిడ్డకు గీ పేలికలు సుడుతరా? కాళ్లు సల్లగైతె జలుబంత నెత్తికెక్కుతది. ఈ చలికి ఏం బట్ట వెయ్యాలనో నాకు తెలుసు, తొట్టెలకు నేను తెస్త" అన్నాను. ఆమె పాపం, అల్లుడి తరఫు మనిషినని నా మాటకు తలూపింది. "నీ ఇష్టం బిడ్డా. మేనత్తవు, నువ్వు ఏం పెడితె అదే" అంది. వదిన మాత్రం నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని చెవిలో ఒక మాట చెప్పింది. పిల్లవాడికి విహాన్ అని పేరు అనుకున్నారు. కడుపులో ఉన్నప్పటి నుంచీ రాత్రిపూట ఆ పేరుతోనే పిలుచుకునేదట. "మావోళ్లు, మీవోళ్లు కలిసి ఏదన్న పాతపేరు తెస్తరని భయమైతాంది. చెవుల పేరు చెప్పేది నువ్వే గదా, ఏం చేస్తవో నాకు తెల్వదు, గీ పేరు మాత్రం నిలబెట్టు" అని చెయ్యి పట్టుకుంది. నేను గుండె మీద చెయ్యేసుకుని "ఫికర్ చెయ్యకు వదినా" అన్నాను.

దుకాణంలో చలికాలం మిగిలిపోయిన ముక్కలన్నీ ఎండాకాలంలో మూటగట్టి అటక మీద పడేసి ఉన్నాయి. సేటును అడిగి ఆ మూట విప్పాను. పైన ముదురు ఎరుపు ఉన్ని, లోపల తెల్లటి బొచ్చుగుడ్డ, అరికాలు మెత్తగా ఉండాలని మధ్యలో స్పాంజి. (అంత బుల్లి అరికాలు నేల మీద ఆనేది ఇంకో ఏడాదికి. అయినా స్పాంజి.) దుకాణం మిషను మీద నేనే కుట్టాను. పిల్లలు కాళ్లాడిస్తే బూట్లు ఊడిపోతాయి కదా, అందుకని చీలమండ దగ్గర గట్టిగా బిగించి కట్టే లాడీలు, అంటే నాడాలు, కావాలి. అవ్వ దగ్గర పాత నారాయణపేట చీరొకటి ఉంటే దాని అంచు చింపి ఇమ్మన్నాను. ఆ చీర తాత కొన్నది. ఇవ్వదనుకున్నాను గానీ, "మునిమనుమనికే గదా" అని తానే చింపి ఇచ్చింది. బూట్లు తయారయ్యాక అరచేతిలో పెట్టి చూపిస్తే, వేలు లోపల పెట్టి చూసి, "ఇవి యాసంగి చలికి మంచిగుంటయి" అంది. "అవ్వా, నీకు ఏసీ సంగతి తెల్వదు" అన్నాను.

తొట్టెల పండుగ రోహిణి కార్తెలో పడింది. రోహిణికి రోళ్లు పగులుతాయంటారు, ఆ ఏడు ఆత్మకూర్‌లో రోకళ్లు కూడా పగిలేటట్టున్నాయి. రెండు కార్లలో దిగేసరికి నేను చేసిన లెక్కలో ఉన్న చిన్న లోపం కంటికి ఎదురుగా కనబడింది. ఏసీ ఉన్న గదిలో పదిమంది పడతారు. వచ్చిన చుట్టాలు ఊరంత ఉన్నారు. అందుకని ఇంటి ముందర రేకుల షెడ్డు కింద దూలానికి తొట్టె కట్టారు. ఆ షెడ్డు కింద నిలబడితే నెత్తి మీద పెనం పెట్టినట్టుంది. అప్పుడైనా నా ఎక్కం నేను మళ్లీ చదువుకోవాలి కదా? ముప్పై దాటితే మల్మల్! అక్కడ నలభై దాటి ఉంటుంది. కానీ అందరూ "మేనత్త ఏం తెచ్చింది, మేనత్త ఏం తెచ్చింది" అని మెడలు చాపి చూస్తున్నారు. సంచిలోంచి ఎర్ర ఉన్ని బూట్లు తీయగానే ఆడవాళ్లంతా "అబ్బ, ఎంత ముద్దుగున్నయే!" అన్నారు. ఇంకేముంది, నేలమీద లేను. పిల్లవాడి కాళ్లకు తొడిగి, లాడీలు రెండు చుట్లు చుట్టి, ముడి మీద ముడి వేశాను. వదిన మెల్లగా "ఉడకపోస్తదేమో" అంది. "లోపలికి పోతె మళ్ల ఏసీ గదా, వేడికి సలికి మారితె పిల్లలు ఆగరు, ఉండనీ" అన్నాను. ఈ వాక్యానికి అర్థమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. అత్తమ్మ కూడా, వియ్యాలవారికి కోపం వస్తుందని, "మేనత్త పెట్టినయి, తొట్టెల అయ్యేదాంక తియ్యకుండ్రి" అని గట్టిగా చెప్పింది. పైన కొత్త పట్టుగుడ్డ కప్పి తొట్టెలో పడుకోబెట్టారు.

నేను వంగి, వదిన వైపు ఒక చూపు చూసి, పిల్లవాడి చెవిలో "విహాన్" అన్నాను. వాడు నన్నొకసారి చూశాడు. ముఖం ముడిచాడు. గుక్కపట్టి ఏడుపు మొదలుపెట్టాడు.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. పాట పాడారు, తొట్టె ఊపారు, ఏడుపు పాటను మించిపోయింది. "దిష్టి తగిలింది" అని ఒకామె ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు పెద్దవాళ్లందరం దగ్గాం, వాడింకా ఏడ్చాడు. "కడుపు నొస్తుందేమో" అని ఇంకొకామె వాము నలిపి బొడ్డు చుట్టూ రాసింది. పాలు పడితే తాగలేదు. విసనకర్రతో ముఖానికి విసిరారు. నేను కూడా చేతులు కట్టుకుని ఊరుకోలేదండోయ్, "కాళ్లు సల్లగైనయేమో సూడుండ్రి" అని సలహా చెప్పి, పట్టుగుడ్డ అంచులు బూట్ల చుట్టూ ఇంకా బాగా దోపాను. ఈ ఒక్క పని గుర్తొస్తే ఇప్పటికీ వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నా నెత్తి మీద కొంగు కప్పుకోవాలనిపిస్తుంది.

అప్పుడు అవతల పక్క నుంచి మా చిన్నతాత, అంటే తాత తమ్ముడు, గొంతు సవరించుకున్నాడు. "దిష్టి గాదు, దుమ్ము గాదు. పేరు నచ్చలే పిల్లగానికి." అంతే, ఆడవాళ్లంతా "అవునవును" అన్నారు. మా దిక్కు ఉన్న నమ్మకం ఇది. పేరు పెట్టిన రోజు బిడ్డ ఆగకుండా ఏడిస్తే, పోయినవాళ్లలో ఎవరో తమ పేరు అడుగుతున్నారని అర్థం. ఒక్కొక్క పేరే అంటూ తొట్టె ఊపాలి. ఏ పేరుకు ఏడుపు ఆగితే ఇక ఆ పేరే, దానికి తిరుగులేదు. వదిన ముఖం పాలిపోయింది. నా వైపు చూసింది. నేను "అట్లేం లేదు, ఇంకోసారి విహాన్ అంట ఆగుండ్రి" అని ముందుకు పోయి చెవిలో మళ్లీ చెప్పాను. వాడు ఈసారి కాళ్లూ చేతులూ తన్నుకుంటూ ఏడ్చాడు. "సూసినవా? ఆ పేరంటేనే మండుతాంది పిల్లగానికి" అంది ఒక ముసలామె. మండుతోంది నిజమే, ఎక్కడ మండుతోందో మాత్రం ఎవరం చూడలేదు.

ఇల్లు వాళ్లది కాబట్టి మొదట వాళ్ల వైపు పెద్దల పేర్లు తీశారు. "కుర్మయ్య తాతా, నువ్వేనా?" అని ఊపారు. ఏడుపు. "ఆశన్న తాతా?" ఏడుపు. "బుగ్గయ్యా?" అన్నప్పుడు వెక్కిళ్లొచ్చి ఒక్క క్షణం ఆగాడు. వదిన కళ్లు మూసుకుంది. మళ్లీ అందుకున్నాడు, బతికాం. వదిన తల్లి వైపు పోయినవాళ్లు, చిన్నప్పుడే పోయిన వదిన మేనమామ ఒకాయన, ఎవరూ మిగలలేదు. ఈలోగా మా అవ్వ నెమ్మదిగా లేచి వచ్చి తొట్టె పక్కన చతికిలబడి, బిడ్డను ఓదారుస్తున్నట్టు పట్టుగుడ్డ కింద చెయ్యి పెట్టి కూర్చుంది. చిన్నతాత "మా దిక్కోళ్లవి గూడ అనిజూడుండ్రి మరి" అన్నాడు. ఇద్దరు ముగ్గురి పేర్లు అయిపోయాయి. "ఇగ మా అన్న ఉన్నడు. నర్సింలూ, నువ్వేనా వచ్చింది?" అన్నాడు.

ఏడుపు ఆగింది.

రెండు ఎగబీల్పులు, ఒక నిట్టూర్పు, అంతే. తర్వాత ఒక్కసారిగా "తాతనే వచ్చిండు! నర్సింలు తాతనే!" అని గోల. చిన్నతాత కండువాతో కళ్లొత్తుకుంటున్నాడు. మా నాయిన చేతులు జోడించాడు. నేను మాత్రం అవ్వ ఒడిలోకి చూస్తున్నాను. ఆమె ఒడిలో ఎర్ర ఉన్ని బూట్లు రెండూ ఉన్నాయి, నారాయణపేట అంచు లాడీలు విప్పి ఉన్నాయి. పట్టుగుడ్డ తొలగించి చూస్తే పిల్లవాడి పాదాలు ఉడికిన చిలగడదుంపల్లా ఎర్రగా, తడితడిగా ఉన్నాయి. చీలమండల చుట్టూ నా ముడుల అచ్చు పడి ఉంది. వాడు ఆ కాళ్లు గాలికి ఆడిస్తూ హాయిగా రేకులకేసి చూస్తున్నాడు. వదిన కూడా చూసింది. పాత చీర పేలిక నీళ్లలో ముంచి, పిండి, ఆ పాదాలు తుడిచింది. తుడుస్తుంటే ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పాదాల కోసమో పేరు కోసమో అడిగే ముఖం నాకు లేదు. తిట్టి ఉంటే బాగుండేది. భూమి చీలినా బాగుండేది గానీ ఆత్మకూర్ భూమి గట్టిది.

ఉండబట్టలేక అందరి ముందూ అరిచాను. "పేరు కోసం గాదు! బూట్ల కోసం ఏడ్చిండు! నేను తొడిగిన బూట్లకు కాళ్లు కాలి ఏడ్చిండు, అవి తీస్తె ఆగిండు! పేరు మార్చకుండ్రి!" జనం పగలబడి నవ్వారు. చిన్నతాత నవ్వలేదు. నా వైపు జాలిగా చూసి, "పిచ్చిదానా, అంతసేపు రాని బూట్లు మా అన్న పేరు అంటనే ఎట్లొచ్చినయే? ఆయననే వచ్చి గుంజిండు" అన్నాడు. దీనికి జవాబు నాకు ఏ సేటూ నేర్పలేదు. అవ్వ వైపు చూస్తే ఆమె వక్కపలుకు అటునుంచి ఇటు మార్చుకుంది. అలా మా అన్న కొడుకు నర్సింలు అయ్యాడు, నేను ఆ చుట్టరికమంతటికీ ఉన్నిబూట్ల మేనత్తనయ్యాను. ఏ పెళ్లికి పోయినా ఎవరో ఒకరు "ఏసీ ఎంతల పెట్టమంటవే?" అని అడగకుండా ఉండరు. ఆ వారమంతా దుకాణంలో "ఎర్రవి చూపియ్యక్కా" అనగానే నోరు మూసుకుని ఎర్రవి చూపించాను.

వదినకు ఎన్నోసార్లు చెప్పుకున్నాను, నీ పేరు నేనే పోగొట్టానని. చాలా ఏళ్లు ఆమె "పోనీలే" అనేది, ముఖం మాత్రం పక్కకు తిప్పుకునేది. అది నాకు తిట్టు కంటే ఎక్కువ. చివరికి, వాడు పెద్ద తరగతికి వచ్చాక, తానే నవ్వుతూ చెప్పింది. వాళ్ల తరగతిలో విహాన్‌లు ముగ్గురున్నారట. టీచరు పిలిస్తే ముగ్గురూ లేస్తారట. "మావాణ్ని పిలిస్తె మావాడొక్కడే లేస్తడు" అంది. నా గుండెల మీంచి బండ దిగింది, పూర్తిగా కాదు, సగం.

మిగిలిన సగం పోయిన చలికాలంలో దిగింది. నాకు బిడ్డ పుట్టి పుట్టింట్లో ఉన్నాను. తొట్టెల ముందురోజు, నారాయణపేట చలి ఎముకలు కొరుకుతుంటే, వంగిపోయిన నడుముతో అవ్వ తన పెట్టె తెరిచి, కలరా ఉండల వాసన వేస్తున్న ఎర్ర ఉన్ని బూట్లు నా ఒడిలో వేసింది. "ఇగ ఇప్పుడు తొడుగు. కాలం కుదిరింది." సిగ్గుతో నాకు మళ్లీ చెవులు వేడెక్కాయి. "అవ్వా, ఇవి ఇంకా దాచినవా? నా మూలంగ వాని పేరే మారిపాయె" అన్నాను. అవ్వ తలుపు వైపు చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, నా దగ్గరికి జరిగింది. "నీ మూలంగ సగమే. గుడ్డ కింద చెయ్యి పెట్టంగనే నాకు తెలిసింది, బూట్లే అని. లాడి పట్టిన. ఇప్పుతుంటె మీ చిన్నతాత మన దిక్కు పేర్లు మొదలుపెట్టిండు. ఆయన పేరు నేను నోటితోటి అనరాదాయె. ఎవరన్న అంటరేమోనని లాడి పట్టుకొనే కూసున్న. రెండు మూడు పేర్లు ఆగిన, అంతే. అన్నరు. గుంజిన."

అంతసేపు పిల్లవాడు ఏడుస్తుంటే ఆగావా అని కోప్పడాలో, నవ్వాలో తెలియలేదు. చివరికి, "ఇంత జేసి ఏం లాభమే? వాణ్ని గూడ నువ్వు పేరు పెట్టి పిలవవు గదా, పెద్దోడా పెద్దోడా అంటవ్" అన్నాను. నిజమే, ఆ పేరు పిల్లవాడిది అయినా సరే, ఆమె నోట రాదు.

"నేను అనకున్న ఏమాయె" అంది అవ్వ. "ఇనవడితె సాలు."

అప్పుడే వాకిట్లోంచి వదిన గొంతు వినిపించింది, "ఒరేయ్ నర్సింలూ, చలిల తిరగకురా, మరదలును చూడనీకి లోపలికి రా!" అని. అవ్వ బిడ్డ కాలికి ఒక బూటు తానే తొడిగి, రెండోది అందుకుంటున్నదల్లా ఆగి, తలుపు వైపు చెవి పెట్టింది. వదిన ఇంకోసారి పిలిచింది. అవ్వ ముఖంలో ఏదీ కనబడదని ఇందాక రాశాను, అది తప్పు. నేను సరిగా చూడలేదు, అంతే. పాదాలు చల్లగా ఉన్నాయో లేదో నా చేత్తో పట్టుకుని చూసి, రెండో బూటు నేనే తొడిగాను. ముడి మాత్రం వదులుగా వేశాను.